అన్నయ్య నింపిన గళ్ళు

జూన్ 4

వదినా,

పార్సిల్ చూసి మళ్ళీ మందులేమోనని కంగారు పడకు. అందులో ఉన్నది ఆట డబ్బా. అవును, పిల్లలు రెండు చేతుల్తో పట్టుకుని, తల వంచుకుని, పిలిస్తే పలక్కుండా ఆడుకునేదే. వార్డెన్‌కి మతిపోయిందని అనుకునే ముందు మిగతాది చదువు.

మా హాస్టల్లో ఒక తొమ్మిదో క్లాసు పిల్ల దుప్పటి ముసుగులో ఇది ఆడుతుంటే జప్తు చేశాను. తిరిగిచ్చేముందు ఏముందోనని తెరిచి చూస్తే గళ్ళనుడికట్టు! అచ్చ తెలుగులో. అడ్డం, నిలువు, నల్లగళ్ళు, ఆధారాలు, అన్నీ పేపర్లో వచ్చేవాటిలాగే. దాంతోపాటు ఇచ్చే ప్లాస్టిక్ పుల్లతో తెర మీద అక్షరం రాస్తే గడిలోకి వెళ్ళి కూర్చుంటుంది. తప్పయితే గడి ఎర్రబడుతుంది. ఆ పిల్లది ఆ పిల్లకిచ్చేసి అలాంటివే రెండు తెప్పించాను. ఒకటి నాకు, ఒకటి అన్నయ్యకి. ఇందులో ఇద్దరి ఆట అని ఉంది. అది పెడితే ఒకే పజిల్ రెండుచోట్లా తెరుచుకుంటుంది. రెండు తెరల మీదా నేను నింపినవి నీలంగా వస్తాయి, అన్నయ్య నింపినవి పచ్చగా కనిపిస్తాయి.

ఆస్పత్రి నుంచి నేను బయల్దేరిన రోజు గుర్తుందిగా. నన్ను చూసి ఏదో చెప్పాలని నోరు తెరిచి 'క్లచ్' అన్నాడు. డ్రైవింగ్ స్కూలు బండిలో పక్కసీట్లో కూర్చుని నేర్చుకునేవాళ్ళ మీద ఇన్నేళ్ళూ అరిచిన మాట అదొక్కటే మిగిలిందట. పక్షవాతం వచ్చినవాళ్ళకి మాటలు తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. రావాలి వదినా. మా అన్నాచెల్లెళ్ళం చిన్నప్పుడు మాట్లాడుకున్నదంతా ఆ గళ్ళలోనే. అందుకే అక్కణ్ణించి మొదలుపెడదామని నా ఆశ.

ఫోన్లో నా గొంతు వినగానే తను ఏడుస్తున్నాడని నువ్వే వద్దన్నావు. ఆ రెండు గదుల ఇంట్లో తనకి వినపడకుండా నువ్వు నాతో మాట్లాడలేవు. కాబట్టి ఉత్తరాలే గతి. ఎలా ఆడాలో తనకి చెప్పక్కర్లేదు, మా పద్ధతి తనకి తెలుసు. ఆడపడుచు అర్ధమొగుడంటారు కదా, ఆ హోదాలో ఆజ్ఞాపిస్తున్నాను: రోజూ ఆడించు.

నీ ఆడపడుచు


జూన్ 13

శ్రీమతి వార్డెనమ్మగారి సముఖానికి,

అర్ధమొగుడి ఆజ్ఞ శిరసావహించాం. అసలు మొగుడు మాత్రం డబ్బా ఇవ్వగానే ఒళ్ళో పెట్టుకుని ఎడంచేత్తో స్టీరింగులాగా పక్కకి తిప్పారు. 'క్లచ్' అన్నారు. నేను నవ్వాను. నేను నవ్వుతున్నానని ఇంకోసారి తిప్పారు. మనిషిలో అల్లరి ఎక్కడికీ పోలేదమ్మా, నువ్వు బెంగపెట్టుకోకు.

కుడిచెయ్యి ఇంకా చెప్పినమాట వినడం లేదు. పుల్ల ఎడంచేతికిచ్చాను. ఆదివారం నాటి పజిల్ పూర్తయింది, నువ్వూ చూసే ఉంటావు. పూర్తవగానే ఆ డబ్బా చిన్న బాజా వాయిస్తుంది చూడు, అది విని పళ్ళన్నీ కనపడేలా నవ్వారు. ఆస్పత్రి నుంచి వచ్చాక అలా నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు చూశాక నీకో దండం పెట్టుకున్నాను.

మాటల డాక్టరమ్మ వారానికి రెండుసార్లు వస్తోంది. బొమ్మలు చూపించి పేరు చెప్పమంటుంది. గ్లాసు బొమ్మకి 'క్లచ్'. కుర్చీకి 'క్లచ్'. కారు బొమ్మ చూపిస్తే కూడా 'క్లచ్'. "ఇది మాత్రం సగం రైటేనండీ" అందావిడ. ముగ్గురం నవ్వుకున్నాం. ఆయనే అందరికంటే ఎక్కువ నవ్వారు. ఎదుటివాళ్ళు చెప్పేదంతా అర్థమవుతుంది, తన మాటే తనకి దొరకదు.

బడులు తెరిచారు కదా, యూనిఫారాలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. కుట్టుమిషను మీంచి కాలు తీస్తే ఒట్టు. పిల్లలు వేసవిలో ఒక్కసారిగా పొడుగైపోతారు, వాళ్ళమ్మలు వచ్చి అది నా తప్పన్నట్టు చూస్తారు.

నువ్వు సెలవుపెట్టి వచ్చేది ఆగస్టులోనేగా? ఎవరైనా తలుపు కొడితే చాలు, నువ్వేనేమోనని తల తిప్పుతున్నారు.

మీ వదిన


జూన్ 22

వదినా!

నిన్న మెస్ లెక్కలు చూస్తూ మధ్యలో డబ్బా తెరిచాను. నేను చూస్తుండగానే ఒక్కో గడీ పచ్చగా నిండుతోంది. ఒకటి, ఆగి, ఇంకోటి. అన్నయ్య అవతల కూర్చుని ఆలోచిస్తున్నట్టే ఉంది. అలాగే చూస్తూ కూర్చుండిపోయాను. వంటమనిషి వచ్చి 'ఏమైందమ్మా, ఎవరైనా పోయారా' అని అడిగింది. పోలేదు, వస్తున్నారు అని చెప్పాను.

మంగళవారం పజిల్ కష్టం కదా. నాకే సగం తట్టలేదు. తను మొత్తం చేసేశాడు! డాక్టర్లకేం తెలుసు? ఆ బుర్ర ఎక్కడికీ పోలేదు, నోటిదాకా దారే మూసుకుపోయింది, అంతే.

ఒక్కటే చిన్న వెలితి. ఆఖరి మాట కూడా తనే నింపేస్తున్నాడు. మర్చిపోయి ఉంటాడులే. ఈ పరిస్థితిలో అన్నీ గుర్తుండాలనడం నాదే అత్యాశ.

ఇంత రాయగలిగినవాడు కాగితం మీద ఒక్క ముక్క రాయలేడా? పెద్ద ఉత్తరం అడగడం లేదు. 'బాగున్నాను' అని ఒక్క మాట, వంకరటింకరగా అయినా చాలు. నువ్వు పక్కన కూర్చుని రాయించు. మాటలంటే నీకు పడవని తెలుసు, మేమిద్దరం పేపరు ముందేసుకుని కొట్టుకుంటుంటే నువ్వు కాజాలు కుట్టుకుంటూ 'అయిందా మీ తద్దినం' అనేదానివి. అయినా ఈ ఒక్కసారికి నా కోసం.

నీ ఆడపడుచు


జూలై 1

వార్డెనమ్మా,

నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. వంటమనిషి మాట దగ్గర ఇద్దరం నవ్వుకున్నాం.

రాయించమన్నావు. చెయ్యి కుదురుగా లేదమ్మా. కాగితం జారిపోతుంది, కలం పట్టు చిక్కదు. తొందరపెట్టొద్దని మాటల డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. నీకు బోలెడంత ఓపిక ఉంది కదా, రెండొందల మంది ఆడపిల్లల్ని సముదాయిస్తావు, మీ అన్నయ్య ఒక్కడి కోసం కొంచెం ఆగలేవా?

కాలు నయం. గోడ పట్టుకుని, కుడికాలు ఈడ్చుకుంటూ బాల్కనీదాకా నడుస్తున్నారు. కింద రోడ్డు మీద ఎవరైనా కొత్తగా నేర్చుకునేవాళ్ళు బండి ఆపేస్తే పైనుంచి 'క్లచ్!' అని అరుస్తున్నారు. పాపం, ఆ మాటకి సరైన చోటు అదొక్కటే. మొన్న ఒకమ్మాయి నిజంగానే తలెత్తి చూసి, క్లచ్ తొక్కి బండి కదిలించుకుపోయింది. ఆ పూటంతా ఆయన ముఖం వెలిగిపోయింది.

పజిళ్ళు బాగా సాగుతున్నాయి. ఇప్పుడు పొద్దున్నే అయిపోతున్నాయి చూశావా? నువ్వు లేచేసరికే మొత్తం నిండి ఉంటుంది. నువ్వు మురిసిపోతావని.

ఆగస్టుకి టిక్కెట్టు కొన్నావా లేదా? అది చెప్పు ముందు.

మీ వదిన


జూలై 12

వదినా,

టిక్కెట్టు వెనక్కిచ్చేశాను. ఆగస్టులో రావడం లేదు. ఇంకో వార్డెన్ సెలవు కావాలంది, ఆవిడ డ్యూటీ నేనే తీసుకున్నాను.

ఎందుకని నువ్వు అడుగుతావు, కాబట్టి చెబుతాను. నీకు తెలియని సంగతి ఒకటుంది. చిన్నప్పుడు ఇంటికి ఒకటే పేపరు. గళ్ళ కోసం మేం జుట్టూజుట్టూ పట్టుకునేవాళ్ళం. మా నాన్న ఒక తీర్పు చెప్పాడు: ఎవరు మొదలుపెట్టినా సరే, ఆఖరి మాట మాత్రం అవతలివాళ్ళకి వదలాలి. తెలిసినా వదలాలి. ఒకవేళ ఎవరైనా మొత్తం నింపేసి పేపరు మడిచిపెట్టారంటే దానర్థం కటీఫ్. నీతో మాట్లాడను, నా జోలికి రాకు అని. పెద్దయ్యాక కూడా ఆ పద్ధతి తప్పలేదు. నా ఉద్యోగం విషయంలో గొడవపడ్డప్పుడు తను పేపరు మొత్తం నింపి నా ముందు పడేసి వెళ్ళాడు, నీ పెళ్ళికి ముందు సంగతి.

ఇప్పుడు రోజూ అదే చేస్తున్నాడు. మొదట్లో మర్చిపోయాడనుకున్నాను. కానీ ఇంతలేసి కష్టమైన మాటలు గుర్తున్నవాడికి ఇది ఒక్కటే గుర్తులేదా? ఒకరోజు నేను పొద్దున్నే లేచి నాలుగు గళ్ళు ముందే నింపాను. అయినా తక్కినదంతా తనే నింపేశాడు. పుల్ల పట్టుకోగల చెయ్యి కాగితం మీద ఒక్క మాట రాయదు. ఆస్పత్రిలో వదిలేసి ఉద్యోగానికి పరుగెత్తానని తనకి కోపం. అది న్యాయమైన కోపమే, కాదనను. కానీ నేనేం చేసేది వదినా? సెలవు అయిపోయింది, వచ్చేశాను.

నన్ను చూడాలని లేనివాడి ముందు వచ్చి కూర్చోలేను. నువ్వేమో తలుపు కొడితే తల తిప్పుతున్నాడని రాస్తావు. నన్ను ఊరడించడానికి రాస్తున్నావని తెలుసు. ఇక చాలు. డబ్బా బీరువాలో పెట్టేశాను.

ఆరోగ్యం జాగ్రత్త, ఇద్దరూ.

నీ ఆడపడుచు


జూలై 18

ఏమే,

నీ ఉత్తరం నేనొక్కదాన్నే చదువుకున్నాను. ఆయనకి చదవలేదు. చదివితే తట్టుకోలేరు.

కటీఫ్ అన్నది మీ అన్నయ్య కాదు. నేను. ఆ గళ్ళు నింపింది నేను, మొదటి రోజు నుంచీ. మీ పద్ధతి ఏదో నాకెవరు చెప్పారు? 'తనకి తెలుసు, చెప్పక్కర్లేదు' అని నువ్వే రాశావు!

ఇప్పుడు కూర్చుని నింపాదిగా చదువు. ఆయన చదవలేరు. మాట ఒక్కటే కాదమ్మా, అక్షరం కూడా పోయింది. పేపరు ఇస్తే బొమ్మలు చూసి పక్కన పెడతారు. నీ పేరు రాసి చూపించినా ఏమిటో తెలియదు, నీ ఫొటో చూపిస్తే మాత్రం ముద్దుపెట్టుకుంటారు. ఆ రోజు పుల్ల చేతికివ్వగానే తెర మీద అడ్డదిడ్డంగా గీశారు. గడి తరవాత గడి ఎర్రబడుతూ పోయింది. ఎరుపంటే తప్పని ఎవరికి తెలియదు, అందులోనూ డ్రైవింగ్ మాస్టారికి! డబ్బా నా ఒళ్ళోకి విసిరేసి గోడవైపు తిరిగి పడుకున్నారు. ఏం చెయ్యాలో తోచక నేనే తీసుకుని నింపాను. కాజాలు కుట్టుకునేదాన్నే కదా, సూదిలాంటి ఆ పుల్ల నా చేతికి బాగానే కుదిరింది. గంటలకొద్దీ పట్టింది. అయ్యాక బాజా మోగింది. ఆయన ఇటు తిరిగి నవ్వారు. నేను నీకు రాసింది ఆ నవ్వే, అది అబద్ధం కాదు.

తరవాత నీ ఉత్తరం వచ్చింది. 'పోలేదు, వస్తున్నారు' అని. ఎలా చెప్పమంటావు చెప్పు? ఇంట్లో నేను, ఆస్పత్రిలో డాక్టర్లు, అందరం ఆయనకి ఏం రాదో లెక్కలు వేసుకుంటున్నాం. ఈ లోకంలో నువ్వొక్కదానివి ఆయన బాగున్నారనుకుంటున్నావు. నువ్వలా అనుకుంటుంటే, అది నిజమేనేమోనని నాకూ కాసేపు అనిపించేది. ఆ కాసేపు కోసం రోజూ ఆడాను. పొద్దున్నే లేచి, పాలు పొంగిపోతున్నా చూసుకోకుండా ఆడాను. కొలతలివ్వడానికి వచ్చిన టీచర్ల నడుముకి టేపు చుట్టి, నోట్లో గుండుసూదులతోనే 'సముద్రానికి ఇంకోపేరు, మూడక్షరాలు చెప్పండి' అని అడిగాను. ఆఖరి గడి కూడా మిగల్చకపోతే నువ్వింకా సంతోషిస్తావనుకున్నాను. పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నట్టు అయింది నా పని.

నీకు కోపం వస్తుంది, రానీ. నామీద చూపించు, నేను గట్టిదాన్ని. ఆయన మాత్రం నిజంగానే తలుపు చప్పుడైతే తల తిప్పుతున్నారు. అది ఊరడించడానికి రాసింది కాదు. ఆ డ్యూటీ ఎవరికైనా తగిలించి రా.

వదిన


జూలై 25

వదినా,

కోపం వచ్చింది. మూడుసార్లు రాసి చింపేశాను. అందులో మొదటిది చదివుంటే నువ్వు నాతో ఈ జన్మలో మాట్లాడేదానివి కాదు.

అన్నయ్య చదవలేడన్న మాట దగ్గరే ఆగిపోయాను. ఇన్ని రోజులూ ఉన్నాడనుకున్నది లేదని తెలిసింది, దానికి ఏడవాలి కదా, ఏడ్చాను. ఏడ్చాక బీరువాలోంచి డబ్బా తీసి పాత పజిళ్ళన్నీ చూశాను. ఆ పచ్చగళ్ళ మనిషి నాతో ఎంత పట్టుదలగా ఆడింది! నాకు తట్టనివి వెతికి పట్టుకొచ్చింది. ఆ మనిషి కోసమే పొద్దున్నే లేవబుద్ధయ్యేది. ఇన్నేళ్ళలో నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని 'నువ్వూ ఒకటి చెప్పు వదినా' అని మేమిద్దరం ఒక్కసారి కూడా అనలేదు. నువ్వు కాజాలు కుట్టుకుంటున్నావు, మేం గమనించనేలేదు.

డ్యూటీ వదిలించుకున్నాను. పదో తారీకుకి దిగుతాను. స్టేషన్‌కి ఎవరూ రావద్దు, తలుపు నేనే కొడతాను.

నీ ఆడపడుచు


ఆగస్టు 21

వార్డెనమ్మకి,

నువ్వెళ్ళిన దగ్గర్నించీ ఇల్లు బోసిగా ఉంది. అయినా ఆయన దిగులుపడటం లేదు, అదే ఆశ్చర్యం. పైగా హుషారు.

ఒక విషయం అడగాలి. నేను బడికి యూనిఫారాలు ఇవ్వడానికి వెళ్ళిన పూట మీరిద్దరూ ఇంట్లో ఏం చేశారు? నేను వచ్చేసరికి నీ కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఉల్లిపాయలు తరిగానన్నావు. ఆ పూట వంటలో ఉల్లిపాయే లేదు.

ఆ రోజు నుంచీ ఆయన ఒక కొత్త పని మొదలుపెట్టారు. నేను డబ్బా తీసి ఆడటం మొదలెట్టగానే ఎదురుగా కుర్చీలో కూర్చుని, రెండు కాళ్ళూ ఎత్తి స్టూలు మీద పెట్టుకుంటున్నారు. కుడికాలు సొంతంగా లేవదు కదా, ఎడంచేత్తో ఎత్తి మరీ పెడుతున్నారు. కుడిచేతిని కూడా ఎడంచేత్తో లాక్కుని, చేతులు కట్టుకుని నావైపు చూస్తూ కూర్చుంటారు. కాలు లాగుతోందా అని అడిగితే కాదన్నట్టు తల ఊపుతారు. ఆయిల్ రాయబోతే చెయ్యి తోసేశారు. వ్యాయామం చేయించే అబ్బాయిని అడిగితే వాపు ఏమీ లేదన్నాడు. నువ్వేమైనా నేర్పావా? కాలికి మంచిదైతే సరే, కాకపోతే మాన్పిస్తాను.

ఇవాళ్టి పజిల్లో నిలువు ఏడు నాకు రావడం లేదు. నువ్వు చూడు.

మీ వదిన


ఆగస్టు 28

వదినా,

మాన్పించకు. చచ్చినా మాన్పించకు.

ఆ పూట నువ్వు గడప దాటగానే అన్నయ్య తలగడ కింది నుంచి డబ్బా తీశాడు. ఆడదామంటున్నాడేమోనని పుల్ల అందుకోబోతే నా చేతి మీద ఒక్కటి వేశాడు. పూర్తయిన పజిళ్ళు ఒక్కొక్కటే తెరిచి చూపించాడు. పచ్చగడి మీద వేలు పెట్టడం, నీ కుట్టుమిషను వైపు చూపించడం. ఇంకో పజిల్, మళ్ళీ గడి, మళ్ళీ మిషను. "తెలుసు అన్నయ్యా, వదినే ఆడింది, నాకు చెప్పింది" అన్నాను. కాదన్నట్టు తలూపాడు. నేను తెలుసుకుంటే సరిపోదు, తను చెప్పాలి. మొదటిదాని నుంచి ఆఖరిదాకా అన్నీ చూపించేదాకా వదల్లేదు. నువ్వు పాలు పొంగించిన పొద్దుటి పజిళ్ళు కూడా. తను నిద్రపోతున్నాడని నువ్వు అనుకున్నావు, పడుకుని నిన్నే చూస్తున్నాడు.

అన్నీ అయ్యాక కుర్చీలో వెనక్కి జారగిలబడి, కాళ్ళు రెండూ ఎత్తి నీ మిషను ముందున్న స్టూలు మీద పెట్టి, చేతులు కట్టుకున్నాడు. అప్పుడు ఏడ్చాను.

నువ్వెప్పుడూ ఆ స్కూలు బండి ఎక్కలేదు, భయమనేదానివి. అందుకే నీకు తెలియదు. ఆ బండిలో మాస్టారి వైపు కూడా క్లచ్చు, బ్రేకు ఉంటాయి. నేర్చుకునేవాళ్ళు ఎక్కడ గుద్దేస్తారోనని ఆయన కాళ్ళు ఎప్పుడూ వాటి మీదే ఉంటాయి. ఎప్పుడైనా ఒకరు బాగా నడిపితే, ఇక ఈ మనిషి చేతిలో బండి పెట్టి తను నిశ్చింతగా కూర్చోవచ్చు అనిపిస్తే, అప్పుడు రెండు కాళ్ళూ పైకెత్తి డ్యాష్‌బోర్డు మీద పెట్టుకుని చేతులు కట్టుకునేవాడు. నోటితో శభాష్ అనడం అన్నయ్యకి ఎప్పుడూ చేతకాలేదు, నోరున్న రోజుల్లో కూడా. ఆయన ఇచ్చే మెచ్చుకోలు అదొక్కటే. దానికోసం నేర్చుకునేవాళ్ళు వారాల తరబడి ఎదురుచూసేవాళ్ళు. నాకు నేర్పినన్నాళ్ళూ సొంత చెల్లెలినని కూడా చూడకుండా ఒక్కసారీ కాళ్ళెత్తలేదు.

నీకు రోజూ ఎత్తుతున్నాడు. పనిచెయ్యని కాలుని చేత్తో పట్టుకుని మరీ ఎత్తుతున్నాడు. ఆ మాట తనంతట తనే చెప్పాలనుకున్నాడు కాబట్టి ఊరుకున్నాను, నీకు కాలునొప్పిలా కనిపిస్తోందని తెలిశాక రాయక తప్పింది కాదు.

ఏడుపొస్తే వంటింట్లోకి వెళ్ళకు. ఆయన ముందే కూర్చుని ఏడువు, ఎందుకో ఆయనకి తెలుస్తుంది.

నీ ఆడపడుచు